ముక్కు కింద నీళ్లు

మల్లాపూర్,
16 అక్టోబర్ 2011

ఓదెలుకు,

ఫోన్ చేస్తే తిట్టి పెట్టేస్తున్నావు. కాగితమైతే చివరిదాకా చదువుతావని రాస్తున్నాను.

మూడో తారీఖు, సోమవారం. సద్దుల బతుకమ్మకు ఒకరోజు ముందు. పొద్దున ఐదున్నరకు లేచాను. మీ అక్క సరోజన అప్పటికే వాకిలి ఊడ్చి అలుకు చల్లింది. చాయ్ ఇచ్చింది. ఆరింటికి స్కూటర్ మీద కోరుట్ల బయలుదేరాను. ఆ రోజు తెలంగాణ సమ్మెలో మా లెక్చరర్ల వంటావార్పు. పెద్దరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకొని, అక్కడే తిని, బండ్లు కదలకుండా కూర్చోవాలి. నేను ఉల్లిగడ్డలు కోశాను.

తొమ్మిది నలభైకి కిష్టవ్వ కొడుకు ఫోన్ చేశాడు. కిష్టవ్వది మా పక్క పొలం. మా బావి ఒడ్డున సరోజన చెప్పులు చూసిందట. రెండూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి. మనిషి లేదు.

కోరుట్ల నుంచి మల్లాపూర్ అరగంట. ఆ రోజు గంటన్నర పట్టింది. ప్రతి ఊళ్లో రోడ్డుకు రాళ్లు అడ్డం పెట్టారు. ఒకచోట "జై తెలంగాణ అను, పో" అన్నారు. అన్నాను. వదిలారు.

నేను చేరేసరికి పోశం ఆమెను పైకి తెచ్చాడు. బావుల్లో పడ్డ మోటార్లు తీసే పోశం. గోనెసంచుల మీద పడుకోబెట్టారు. స్టిక్కర్ బొట్టు నుదుటి మీద అట్లాగే ఉంది.

ఊరివాళ్లు ఏమంటున్నారో నీకు చేరే ఉంటుంది. చెప్పులు విడిచి పెట్టింది కాబట్టి దూకింది అంటున్నారు. పోలీసు కాగితంలో కాలు జారి అని ఉంది. ఎవరూ నమ్మరు. నేను చెప్పేది విను. బతుకమ్మకు పువ్వు కోసేటప్పుడు ఆమె చెప్పులు వేసుకోదు. బావి గోడ మీద గుమ్మడి తీగ ఉంది. ఎండెక్కితే గుమ్మడి పువ్వు ముడుచుకుంటుంది, అందుకే పొద్దున్నే పోయింది. కొంగులోకే కోసుకుంటుంది, తట్ట తీసుకుపోదు. దూలంలో దోపి ఉండే కొడవలి ఇంట్లో లేదు. సిరిసిల్ల నుంచి మీ అమ్మ ఇచ్చిన కొడవలి. చెయ్యి జారొద్దని పిడికి ఎర్ర నూలు చుట్టింది నువ్వే. అది బావిలో ఉంది.

దూకే మనిషి కొడవలి పట్టుకొని పోదు.

మీ అమ్మ నాతో మాట్లాడటం లేదు. ఈ మాట ఆమెకు నువ్వు చెప్పు.

గంగరాజం


మస్కట్,
28 అక్టోబర్ 2011

గంగరాజం సార్‌కు,

నీ కాయితం అందింది. చివరిదాంక సదివిన. మూడుసార్లు సదివిన. రోడ్డు మీద కూసోని మన బాస, మన యాస అని ఒర్రుతవు. బామ్మర్దికి రాసెటప్పుడు మాత్రం పుస్తకాల తెలుగు. అక్క సచ్చిన సంగతి సుత పరీచ్చ పేపర్ లెక్క రాసినవు. మార్కులెయ్యాల్నా?

ఉల్లిగడ్డలు కోసినవట. మంచిగ కోసినవా? కండ్లకెంచి నీళ్లన్న ఒచ్చినయా?

మా చుట్టం నర్సక్క కొడుకు పదో దినం ఫొటో పంపిండు. పిండాల కాడ అందరు కూసున్నరు. నువ్వు నిలవడ్డవు. మూతి మీద మీసం గట్లనే ఉన్నది, దువ్వినట్టు. మీకు పిల్లలు లేరు, కర్మ చేసెటోనివి నువ్వే. పెండ్లాం పోతే మీసం సుత తియ్యనోనివి, ఆమె ఎట్ల పోయిందో నాకు చెప్తున్నవా?

కొడవలి ఇంట్ల లేకుంటె బాయిల ఉన్నట్టా? కైకిలికొచ్చిన కూలోళ్లు కొండవోయి ఉండొచ్చు. పొలం గట్టున మరిసి ఉండొచ్చు. గుమ్మడి పువ్వు కత చెప్పి నువ్వు బయట పడుదామని సూస్తున్నవు.

ఆ పొద్దుగాల అక్క కాడికెంచి నా ఫోన్ల మిస్డ్ కాల్ ఉన్నది. నాకేమో చెప్పవోయింది. ముందురోజు నువ్వు ఏమన్నవు? గది రాయలేదు నీ కాయితంల. అవ్వ సిరిసిల్లల తిండి ముడ్తలేదు. ఫోన్ చేస్తే ఒక్కటే మాట, "నా బిడ్డను ఏమన్నడో అడుగు బిడ్డా" అంటది.

కొడవలి సూపియ్యి. ఎర్ర నూలు నేను గుర్తు పడ్త. సూపియ్యకుంటే సెలవుకు ఒచ్చినంక నీ మీద కేసు పెడ్త.

ఓదెలు


మల్లాపూర్,
8 నవంబర్ 2011

ఓదెలుకు,

కేసు పెట్టుకో. అంతకు ముందు ఒక పని చేయి.

మూడు రోజులు బావిలో గాలం వేశాను. బకెట్ పిడి ఒకటి, ప్లాస్టిక్ తాడు, ఎవరిదో పాత చెప్పు వచ్చాయి. పోశం నాలుగుసార్లు మునిగాడు. అతను కళ్లు మూసుకొని చేత్తో వెతుకుతాడు. మోటార్ చేతికి తగులుతుంది. కొడవలి బురదలో తగలదు. తగిలితే చెయ్యి తెగుతుందని అతని భయం. బావి తోడిద్దామంటే, సమ్మె అయిపోయినా పొలాలకు కరెంటు మూడు గంటలే. నీళ్లు సగం దిగేసరికి అది పోతుంది. తెల్లవారేసరికి ఊట మళ్లీ నింపుతుంది. మూడు నిలువుల నీళ్లు.

జగిత్యాలలో ఈత కళ్లద్దాలు కొన్నాను. నేనే దిగాను. ఒక నిలువు దాటగానే కళ్లను బయటికి గుంజాయి. తర్వాత వాటి నిండా నీళ్లు. రెండు రోజులు కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చాడనుకున్నారు.

నువ్వు టూరిస్టులను సముద్రంలోకి దింపి చేపలు చూపించే బోటు మీద పని చేస్తావు. ముక్కు కూడా లోపలే ఉండే మాస్కులు వాళ్లు పెట్టుకుంటారని, వాటిని కడిగి ఆరబెట్టేది నువ్వేనని సరోజన చెప్పేది. అట్లాంటిది ఒకటి పంపు.

నిన్ను అడగడం నాకు ఇష్టం లేదు. వేరే ఎవరినీ ఎరగను.

మీసం సంగతికి నేను నీకు జవాబు చెప్పను. నాకు రాసే తెలుగు ఇదే వచ్చు.

గంగరాజం


మస్కట్,
19 నవంబర్ 2011

గంగరాజం సార్‌కు,

ఇక్కడ నా తోని ఉండే కోరుట్ల జానీమియా తన బిడ్డ అఫ్రీన్ పెండ్లికి పోతుండు. ఆయన చేతికి మాస్కు ఇచ్చిన. నీళ్లల్ల వెలిగే బ్యాటరీ సుత ఉన్నది. నీ కోసం అనుకోకు. అవ్వ కోసం.

చెప్పింది చెప్పినట్టు చెయ్యి, సార్ననుకోని నీ తెలివి వాడకు. ముందుగాల పట్టీ నెత్తికి ఎయ్యొద్దు. మాస్కు మొఖానికి ఆనిచ్చి ముక్కుతోని గాలి లోపలికి గుంజు. చెయ్యి ఇడిసినా అది మొఖానికే ఉండాలె. పడ్డదంటె సరిపోలేదన్నట్టు. పట్టీ ఎంత బిగ్గ గుంజినా సరిపోనిది సరిపోదు, ఇంకా ఎక్కువ కారుతది. రబ్బరుకు చర్మానికి నడుమ ఒక్క ఎంటిక ఉన్నా నీళ్లొస్తయి. నెత్తి ఎంటికలు పైకి దువ్వుకో. అద్దం లోపట ఉమ్మి రుద్ది కడుగు, ఆవిరి పట్టదు.

చెవులు నొయ్యంగనే ముక్కు ఒత్తిపట్టి గాలి ఊదు. మాస్కు మొఖాన్ని గుంజితె ముక్కుతోని జర గాలి ఇడువు. నడుముకు తాడు కట్టుకో, ఆ కొస పోశం పట్టుకోవాలె. ముప్పై లెక్క పెట్టేలోపట పైకి రావాలె. నువ్వు సచ్చిపోతే నేను ఎవలను అడగాలె?

పని అయినంక మాస్కు మళ్ల పంపు.

ఓదెలు


మల్లాపూర్,
30 నవంబర్ 2011

ఓదెలుకు,

మాస్కు వచ్చింది. పనికిరాదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. పట్టీ వేయకుండా గాలి గుంజాను. చెయ్యి తీయగానే ఒళ్లో పడింది. పదిసార్లు చేశాను, పదిసార్లు పడింది. పట్టీ బిగించి ఇంటి ముందు సిమెంటు గోలెంలో తల పెట్టాను. ముక్కు కింద నుంచి నీళ్లు వచ్చాయి. ఇంకా బిగించాను. ఇంకా వచ్చాయి. ముక్కులోకి పోయి దగ్గు పట్టుకుంది.

గోలెంలో తల పెట్టిన నన్ను కిష్టవ్వ చూసింది. "సారు గూడ పోతుండు, ఉరుకుండ్రి" అని వాడంతా కేక పెట్టింది. నలుగురు వచ్చి కాళ్లు పట్టుకొని గుంజారు. మాస్కుతో ఉన్న ముఖం చూసి ఇద్దరు వెనక్కి పడ్డారు. ఆ తర్వాత పోశం పెట్టుకున్నాడు. అతనికీ అంతే.

రబ్బరు అంచు పసుపుపచ్చబడింది. పట్టీ ఒకసారి తెగితే కుట్టినట్టు ఉంది. మీ బోటు మీద పారేసేది ఏరి పంపావు. కొడవలి దొరకకుండా ఉంటే నీకు మంచిది, నన్ను దోషిని చేసి కూర్చోవచ్చు. మీ అమ్మ కోసం అని ఎందుకు రాశావు?

జానీమియా తిరుగు ప్రయాణంలో మాస్కు ఇచ్చి పంపుతున్నాను. బ్యాటరీ కూడా.

గంగరాజం


మస్కట్,
11 డిసెంబర్ 2011

గంగరాజం సార్‌కు,

జానీమియా మాస్కు తెచ్చి నా చేతుల పెట్టిండు. "క్యా హువా ఓదెలూ, బావకు పసంద్ రాలేదా?" అని అడిగిండు. నాకు సిగ్గయింది.

అది పారేసేది కాదు. అది నాది. నాలుగేండ్ల సంది నా మొఖం మీద ఉన్న మాస్కు. బోటు మీద కొత్తయి ముప్పై ఉన్నయి, గాని అవి ఎవల మొఖానికి ఆగుతయో తెల్వదు. నాది ఒక్కనాడు ఒక్క సుక్క కారలె. అక్క మొఖం, నా మొఖం ఒక్క తీరు అంటరు. అక్క కోసం దిగేటప్పుడు ఆ మొఖం మీదిదే ఉండాల్నని అది పంపిన. పట్టీ కుట్టింది అక్కనే, పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు. దారం సూడకపోయినవా? ఎర్ర నూలు.

కోపంతోని రెండు దినాలు పండుకున్న. మూడోనాడు బోటు మీద ఒక టూరిస్టు మొత్తుకుంటుండు, మాస్కు కారుతుందని. మా ఉస్తాద్ ఆని మూతి మీద ఏలు పెట్టి సూపిచ్చి నవ్విండు. అప్పుడు నా బుర్రల పడ్డది.

మీసం.

రబ్బరు ముక్కు కింద ఆనాలె. అక్కడ నీకు బొచ్చెలు తోమే బ్రష్ అసొంటి మీసం ఉన్నది. ఫొటోల సూసి నేను తిట్టిన మీసమే. పోశానికి సుత ఉన్నది. నెత్తి ఎంటికల గురించి రాసిన గాని మీసం యాదికి రాలె. నాకు లేక నాలుగేండ్లాయె. ఇక్కడ పనిల చేరిన మొదటిదినమే తీపిచ్చిన్రు. గట్ల ఇంటికి పోతే అక్క తలుపు తీసి "అవ్వకేమైందిరా?" అని ఏడ్వవట్టింది. అవ్వ నా ఎనుకనే నిలవడి నవ్వుతుంది. అసలు సంగతి చెప్తే అక్క చీపురు తీసుకోని ఎంబడి పడ్డది, "తల్లి బతికుండంగ మీసం తీస్తరారా, దొంగ సచ్చినోడా" అని.

జానీమియా పెద్దల్లుడు ముదస్సిర్ సుత ఇక్కడనే ఉంటడు, వచ్చే వారం కోరుట్లకు పోతుండు. మాస్కు మళ్ల పంపుతున్న. మీసం తియ్యి. అక్క కోసం తియ్యకపోతివి, అద్దం కోసమన్న తియ్యి.

ఓదెలు


మల్లాపూర్,
23 డిసెంబర్ 2011

ఓదెలుకు,

పట్టీ కుట్టు చూశాను. ఆమె కుట్టే. ముడి వేసి దారం కొస పంటితో తెంపుతుంది. నేను గుర్తు పట్టి ఉండాల్సింది. పారేసేది అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మీసం తీయలేను. జవాబు చెప్పనన్నాను, చెప్పాల్సి వచ్చింది.

పదో రోజు మంగలి కత్తి నూరాడు. నేను కూర్చున్నాను. అప్పుడు మా పెద్దబాపు అన్నాడు. "గిట్ల పోయినోళ్లకు గిన్ని దినాలు ఎందుకురా? మూడొద్దులకే ఒడగొట్టేది ఉండె." దూకి పోయిన మనిషికి మూడు రోజుల్లో ముగిస్తే చాలని. ఎవరూ ఆయన్ని కాదనలేదు. మీ వైపు వాళ్లు కూడా. నేను లేచి నిలబడ్డాను. ఆమె ఎట్లా పోయిందో చూపిస్తాను, కొడవలి చేతికి వచ్చిన రోజే మీసం తీస్తాను, అప్పటిదాకా ఆమె దినాలు కానట్టే అన్నాను. నీకు వచ్చిన ఫొటో అప్పుడు తీసింది.

ఇప్పుడు కొడవలి వస్తే మీసం పోతుంది. మీసం పోతే గాని మాస్కు ఆగదు. మాస్కు ఆగితే గాని కొడవలి రాదు.

పోశాన్ని అడిగాను. "మా అయ్య బతికే ఉన్నడు సారూ. మీసం తీస్తే ఇంట్ల బువ్వ పెట్టరు" అన్నాడు. "కావాల్నంటే కాలు తీస్త" అని కూడా అన్నాడు. ఊళ్లో ఈత వచ్చిన మగవాళ్లు పదకొండు మంది. పదకొండు మందికీ మీసాలు ఉన్నాయి. నీ మాస్కు తెచ్చిన ముదస్సిర్‌కు మీసం లేదు. ఈత రాదు. వ్యాజిలిన్ దట్టంగా రాసి పెట్టుకున్నాను. గోలెంలో కాసేపు ఆగింది. బావిలో ఒక నిలువు దిగేసరికి ముక్కు కింద నుంచి మళ్లీ మొదలైంది. అద్దంలో సగం దాకా నిండింది. ఏమీ కనిపించలేదు. పచ్చగా మాత్రం ఉంది.

నలుగురిలో అన్న మాట. దాన్ని తప్పితే, కొడవలి లేదని నాకే తెలిసి తప్పానంటారు.

గంగరాజం


మస్కట్,
2 జనవరి 2012

బావకు,

సార్ అని రాద్దామని కూసున్న, రాయొస్తలేదు.

పదో దినం సంగతి నర్సక్క కొడుకు చెప్పలె. మావోళ్లు నోరు మూసుకున్నరని సుత చెప్పలె. నేను ఫొటో ఒక్కటే సూసిన.

ఒక మాట నేను సుత దాసిన. మిస్డ్ కాల్ అని రాసిన గదా. అది మిస్డ్ కాల్ కాదు. ఫోన్ మోగుతుంటె సూసిన. అక్క పేరు సూసిన. బోటు ఎక్కెటాళ్ల అయింది, బతుకమ్మ ముచ్చట్లు ఇప్పుడెందుకని జేబుల పెట్టుకున్న. మళ్ల చేస్తననుకున్న. చెయ్యలె. నిన్ను ఏమన్నవని అడుగుతున్న గాని, నేను ఏమీ అననే లేదు. గదే నన్ను తింటున్నది.

అవ్వ మంచం పట్టింది. గ్లూకోజ్ పెడితే సూది పీకేస్తదట. నాకు మార్చిల సెలవు. నాకు మీసం లేదు, నేను ఒచ్చి దిగుత, నీ మాట నిలవడుతది. గని మార్చి దాంక అవ్వ ఉంటదో ఉండదో. కొడవలి గురించి అడిగితె ఆమె ఏమన్నదో ఎర్కేనా? "కొడవలి బాయిల ఉంటదిరా. గంగరాజం నోట్లె ఏమున్నదో గది తియ్యమను."

నీకు తోచింది చెయ్యి. ఈసారి తిడ్తలేను, అడుగుతున్న.

ఓదెలు


మల్లాపూర్,
11 జనవరి 2012

ఓదెలుకు,

పుస్తకాల తెలుగుల రాస్తే దాసుడు సులువు. గందుకే రాసిన. ఇయ్యాల మన తీరుగ రాస్తున్న. అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

నిన్న సిరిసిల్లకు పోయిన. వేములవాడ కాడ బస్సు మారి, పదకొండింటికి మీ ఇంట్ల ఉన్న. పక్కింట్ల బట్ట నేసే సాంచలు నడుస్తున్నయి, ఆ సప్పుడుల ఏం మాట్లాడినా ఒర్రాలె. ఎల్లవ్వత్త గోడ దిక్కు తిరిగి పండుకున్నది. నన్ను సూసి, "ఒచ్చినవా? మీసం చూపియ్యనీకె ఒచ్చినవా?" అన్నది.

నేను గడపల్నే కూసోని చెప్పిన. నీకు సుత అదే చెప్తున్న.

బాయి గోడ మీది గుమ్మడి తీగ లోపటి దిక్కే పారుతది. పువ్వు కొయ్యాల్నంటే బాయిలకు వంగాలె. ఏటా నేను సరోజన ఎడమ చెయ్యి పట్టుకుంట, ఆమె కుడిచేత్తోని కొడవలి చాపి తీగ గుంజుకోని కోస్తది. పెండ్లయిన కాడి నుంచి పదిహేనేండ్లు గట్లనే కోసినం. ముందురోజు పొద్దుమూకినంక అడిగింది, "రేపు పొద్దుగాల జర బాయి కాడికి రా, పావుగంట పట్టది" అని. నేను బ్యానర్ మీద అక్షరాలు రాస్తున్న. తలకాయ ఎత్తలె. "తెలంగాణ అంత రోడ్డు మీద ఉంటే, నీకు గుమ్మడి పువ్వు కావాల్నా?" అన్న.

"సరే తియ్, నేనే తెచ్చుకుంట" అన్నది. అలగలె. నవ్వినట్టే అన్నది. గదే నాకు సమజైత లేదు, ఓదెలు. నవ్విందా, నవ్వినట్టు అన్నదా?

పొద్దుగాల నీకు ఫోన్ చేసింది ఏం చెప్పనీకెనో నాకు తెల్వది. నేను రానన్న సంగతి చెప్పి నవ్వుదామనే కావొచ్చు. లేకుంటె వేరే కావొచ్చు.

కొడవలి కోసం గింత ఎందుకు కొట్లాడిన్నో మీ అమ్మకు చెప్పిన. కొడవలి దొరకకుంటే నా మాట ఆమెను ముంచింది. దొరికితే, పట్టుకునే చెయ్యి లేక పడ్డది. రెండిట్ల నేనే ఉన్న. అయినా ఏదో ఒకటి తెలవాలె.

అత్త గోడ దిక్కు నుంచి నా దిక్కు తిరిగింది. సాంచలు నడుస్తనే ఉన్నయి. తర్వాత "గుమ్మడి పువ్వా?" అన్నది. ఇంకోసారి అన్నది. లేసి కూసున్నది. "ఆమెకు చిన్నప్పుడు సుత నేనే పట్టుకుందు, ఇంటెనుక దడి మీద. ఒంటరిగ వంగది అది. భయం దానికి" అన్నది. మళ్ల ఆమెనే, "బతుకమ్మ అంటే వంగుతది" అన్నది. సరోజన మేనత్త మొగిలవ్వ జావ తెచ్చి పెడితే సగం గిలాస తాగింది. నన్ను తిట్టింది సుత. ఏం తిట్టిందో రాయ. తిట్టిచ్చుకోవాల్సినోన్నే.

నేను లేసి ఒస్తుంటె అడిగింది. "నువ్వు కొడవలి దొరికినంక మీసం తీస్తవట. నా బిడ్డ దినాలు కొడవలికి చేస్తవా, నా బిడ్డకు చేస్తవా?"

బస్సుల అదే మాట. వేములవాడల దిగుడు మరిసి, కండక్టర్ ఒర్రితే దిగిన.

మార్చి దాంక ఆగ. నువ్వు దిగుతనన్నవు, సంతోషం. గని ఆ చెయ్యి పట్టుకోవాల్సింది నేను. దిగాల్సింది సుత నేనే. పెద్దబాపుకు చెప్పిన. "కొడవలి లేంది మీసం తీస్తే నలుగురు నవ్వుతర్రా" అన్నడు. నవ్వనియ్యి అన్న.

ఈ కాయితం కోరుట్లల, మస్కట్ మళ్ల పోతున్న ముదస్సిర్‌కు ఇయ్యమని కిష్టవ్వ కొడుకుకు ఇస్తున్న. నీకు అందేటాళ్లకు పని అయిపోయి ఉంటది. ఏం దొరికినా, దొరకకున్నా, ఉన్నది ఉన్నట్టు రాస్త. మాస్కు మాత్రం మళ్ల పంప. సెలవుకు ఒచ్చినప్పుడు తీస్కపో.

మొగిలవ్వకు ఫోన్ చేసి చెప్పిన, రేపు పొద్దుగాల మొదటి బస్సుకు అత్తను తీసుకోని ఒస్తున్నది. పోశం సుత ఉంటడు. పదింటికి మంగలి బాయి కాడికే ఒస్తడు. ముందు మీసం తీపిచ్చుకుంట, సరోజన కోసం. నీ మాస్కు పట్టీ ఎయ్యకుంట మొఖానికి ఆనిచ్చి గాలి గుంజి, రెండు చేతులు ఇడిసి సూస్త. ఆగితే, నడుముకు తాడు కట్టుకొని, కొస అత్త చేతికి ఇచ్చి, బాయిల దిగుత.

నీ బావ,
గంగరాజం